దయకు నిబ్బరం తోడైతే: కడప సీమ క్రైస్తవం చెడును ఎదుర్కొన్న తీరు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనగానే బయటి జిల్లాల వారికి బంగారు అంగళ్లు, గండికోట లోయ, నాటుబాంబుల కక్షలు తలపుకు వస్తాయి. ఈ నేలకు ఇంకో చరిత్ర కూడా ఉంది. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో కాలూనింది. అప్పటి నుంచి పెన్నా ఒడ్డున, దాని చుట్టుపక్కల, మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో, కొన్ని రెడ్ల ఊళ్లలో క్రైస్తవం వేళ్లూనుతూ వచ్చింది. కరువు వచ్చింది, రోగాలు వచ్చాయి, కులం ఎప్పుడూ ఉండనే ఉంది, కక్షలు పెచ్చరిల్లాయి, ఇప్పుడు తుమ్మలపల్లె చుట్టూ నీళ్ల గురించి భయం పట్టుకుంది. ప్రతి కీడు ముందూ ఈ సంఘాలు తమ విశ్వాసం ఏపాటిదో చూపించుకోవలసి వచ్చింది.

తోటివారి మీద దయ చూపాలనీ, చెడు చివరికి ఓడిపోతుందనీ క్రైస్తవం బోధిస్తుంది. బోధలో ఈ రెండూ జంటగానే కనిపిస్తాయి. బతుకులో అవి ఎక్కడ కలిశాయి, ఎక్కడ విడిపోయాయి, విడిపోతే ఏమైంది అన్నదే ఈ సమీక్ష. నాకు తోచిన మాట ముందే చెబుతాను. నమ్మకం లేని దయ ఒక పూట అన్నదానంతో ముగిసిపోతుంది. దయ లేని నమ్మకం గెలుపు కేకలుగా మిగులుతుంది. రెండూ కలిసి ఒకచోట ఏళ్ల తరబడి ఉండిపోయినప్పుడే ఈ సీమలో చెడు వెనక్కి తగ్గింది.

బోధలో ఏముంది

దయ గురించి క్రైస్తవులు మొదట చెప్పుకునేది లూకా సువార్త పదో అధ్యాయంలోని సమరయుని కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి పక్కనుంచి వెళ్లిపోతాడు, లేవీయుడూ అంతే. యూదులు అంటుముట్టు పాటించే సమరయుడొకడు ఆగి, గాయాలు కట్టి, సత్రంలో చేర్చి, ఖర్చు తాను పెట్టుకుంటాడు. మన పల్లెల్లో ఈ కథకు వివరణ అక్కరలేదు. ఎవరు ఎవరి నీళ్లు ముట్టరో తెలిసిన ప్రతివాడికీ ఆ సమరయుడు ఏ వాడ నుంచి వచ్చాడో అర్థమవుతుంది.

చెడును జయించడం గురించి పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం చివర ఒక గట్టి ఆదేశం ఉంది. కీడు చేసినవాడికి తిరిగి కీడు చేయవద్దనీ, శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టమనీ, మేలుతోనే కీడును గెలవమనీ దాని సారం. యోహాను సువార్తలో యేసు కూడా తాను లోకాన్ని జయించానంటూ తన శిష్యులకు ధైర్యం చెబుతాడు. ఆ మాట చెప్పిన సమయాన్ని గమనించాలి. అది ఆయన పట్టుబడబోయే రాత్రి. తెల్లవారితే సిలువ. కాబట్టి క్రైస్తవుల నమ్మకానికి ఆధారం కంటికి కనిపించే గెలుపు కాదు. ఓటమి తప్పదనిపించే వేళ కూడా మేలు చేస్తూ నిలబడగలగడమే దాని అసలు గుణం. ఈ గుణాన్ని తెలుగులో నిబ్బరం అంటాం.

చెడు అంటే ఏమిటన్న దగ్గర మాత్రం సంఘాలు తలోదారి పట్టాయి. పాత మిషన్ చర్చిలకు అది మనిషి లోపలి పాపం. పెంతెకొస్తు కూటాలకు అది సాతాను శక్తి, రోగంగానూ వ్యసనంగానూ మనిషిని పట్టి పీడించేది. దళిత క్రైస్తవ ఆలోచనాపరులకు అది కులం, భూమి, అధికారం అల్లిన వ్యవస్థ. మూడింటిలోనూ నిజముంది. ఒక్కదాన్నే పట్టుకున్నవారు మిగతా రెంటి ముందు తడబడ్డారు.

ధాత కరువు

మొదటి పెద్ద పరీక్ష 1876–78 నాటి ధాత కరువు. మద్రాసు రాజధానిలో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కడప జిల్లాలో రెండు లక్షలకు పైగా జనం తగ్గిపోయారు. వానలు లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల కూలిని ఒక పౌను ధాన్యం వెలకు, పైన ఒక అణాకు కుదించాడు. అంత తిండితో పనిచేసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోరాడాడు. ఆకలిలోనూ మనిషి చేసిన చెడు ఉంటుందని ఆనాడే తేలిపోయింది.

మిషన్ల దయ ఈ కరువులోనే అందరి కళ్లా పడింది, అనుమానాలూ అక్కడే మొదలయ్యాయి. తిండి కోసం మతం మారారన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ విషయంలో పొరుగున ఉన్న ఒంగోలు ఉదాహరణ తూకంగా చూడదగ్గది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, తిండి దొరికేలా చూశాడు. కరువు సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. పిడికెడు గింజల కోసమే అయితే గింజలు ఆగిపోయాక వారంతా ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు విమర్శకులు జవాబు చెప్పాలి. అలాగే, ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టిన చేయి మీద కలిగే నమ్మకం స్వచ్ఛమైన మతచింతన ఒక్కటే కాదని సంఘాలూ ఒప్పుకోవాలి. తమను మనుషులుగా చూసినవారి దగ్గరికి మనుషులు వెళ్లారు. అందులో ఇరుపక్షాలకూ సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

క్లౌ చేసిన పనిలో ఇంకో మెలకువ ఉంది. ఆయన ఊరికే పంచలేదు, పని కల్పించాడు. చేయి చాచేవాడిగా కాకుండా కూలి సంపాదించేవాడిగా మనిషిని నిలబెట్టే దయకు ఆయుష్షు ఎక్కువ.

జమ్మలమడుగు ఆసుపత్రి

కరువు పోయింది, కలరా, కాన్పు చావులు, పుండ్లు, కంటి జబ్బులు మిగిలాయి. 1890లలో లండన్ మిషన్ వైద్యుడు డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో వైద్యం మొదలుపెట్టాడు. అదే తర్వాత క్యాంప్‌బెల్ ఆసుపత్రి అయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక సి.ఎస్.ఐ. క్యాంప్‌బెల్ ఆసుపత్రిగా కొనసాగింది. నర్సులకు శిక్షణ ఇచ్చే బడి కూడా దానితో నడిచింది. ఇంట్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా బండి కట్టుకుని మిషన్ ఆసుపత్రికి పోవడం ఈ ప్రాంతంలో తరాల అలవాటు. వచ్చినవారిలో హిందువులు, ముస్లిములే ఎక్కువ. మంచం ఇచ్చేముందు కులం అడగని చోటు ఆ రోజుల్లో ఊరికి ఎన్ని ఉండేవి?

ఈ ఆసుపత్రి ప్రభావం చర్చి ప్రహరీ దాటి వెళ్లింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎం.బి.బి.ఎస్. పూర్తి చేశాక కొంతకాలం ఇక్కడే వైద్యాధికారిగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరుతో 70 పడకల ఆసుపత్రి పెట్టారు. 2007లో ముఖ్యమంత్రిగా ఆరోగ్యశ్రీ తెచ్చారు. ఒక పథకానికి వెనుక ఎన్నో కారణాలుంటాయి. పేదవాడు డబ్బు లేక వైద్యం ఆగిపోయే క్షణాన్ని దగ్గరి నుంచి చూసిన వైద్యుడి అనుభవం వాటిలో ఒకటని నేను నమ్ముతాను.

ఇలాంటి పనులు తెలుగునాట మరికొన్ని చోట్లా సాగాయి. 1911 దాకా కడప జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో పలు మిషన్లు కలిసి క్షయ శానటోరియం పెట్టాయి. అదే ఆరోగ్యవరం. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమాట్ మొల్లర్ దాన్ని దశాబ్దాల పాటు నడిపాడు. మన దేశంలో బి.సి.జి. టీకా 1948లో అక్కడే మొదలైంది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీలకు ఆసుపత్రి కట్టింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠు రోగులను చేరదీసింది, ఆ ఆసుపత్రికి దాత నర్సాగౌడ్ అనే హిందువు. కుష్ఠును దేవుడి శాపంగా చూసే కాలంలో ఆ గాయాలను చేత్తో ముట్టి కడగడమంటే రోగంతోపాటు ఒక మూఢత్వాన్నీ ఎదిరించడమే. దయ, నిబ్బరం ఇంత చక్కగా కలిసిన చోటు మన చరిత్రలో మరొకటి నాకు కనిపించదు.

విదేశీ నిధులు తగ్గాక చాలా మిషన్ ఆసుపత్రులు నీరసించాయి. కార్పొరేటు వైద్యం పెరిగింది. ఆసుపత్రులు కట్టించిన తరం పోయాక, వాటిని తమవిగా భావించి నిలుపుకోవలసిన బాధ్యత స్థానిక సంఘాల మీద పడింది. ఈ బాధ్యతను సంఘాలు ఇంకా పూర్తిగా భుజాన వేసుకోలేదు.

ఇంటిలోపలి చెడు

బయటి చెడును ఎదిరించడంలో చూపిన తెగువను కులం దగ్గర సంఘం చూపలేకపోయింది. రాయలసీమలో పద్దెనిమిదో శతాబ్దపు జెస్యూట్ల కాలం నుంచి రెడ్డి కతోలికులున్నారు. తర్వాత మాలలు, మాదిగలు వేర్వేరు మిషన్లలోనో, ఒకే మిషన్‌లో వేర్వేరు గుంపులుగానో చేరారు. ఒకే పాత్రలోని ద్రాక్షరసం తాగేవారు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి పాత గీతల దగ్గరే ఆగిపోయారు. పదవుల ఎన్నికల్లో మాల, మాదిగ లెక్కలు నడిచాయి.

దీన్ని ఎదిరించినవారూ ఉన్నారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు ఆయన మేత్రాసనంలోనే ఉండేవి. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను ముఖాముఖి అడిగిన సంగతి ప్రసిద్ధం. మీరు ఆస్తులు ధారపోశారు, ప్రాణాలు అర్పించారు, మాతో స్నేహం మాత్రం చేయలేకపోయారన్నది ఆ ప్రసంగం భావం. పెట్టేవాడు పైన, తీసుకునేవాడు కింద ఉన్నంత కాలం దయ అసంపూర్ణమని ఇంత సూటిగా చెప్పినవారు అరుదు. హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ నడిపిన పరిశుద్ధ కూడికల్లో వేలమంది ఒకే బంతిలో కూర్చుని ప్రేమవిందు చేసేవారు. సహపంక్తి మన దేశంలో ఎంత పెద్ద తిరుగుబాటో వేరే చెప్పనక్కరలేదు.

కవి జాషువా బతుకు ఈ సమస్యకు అద్దం పడుతుంది. 1941లో గబ్బిలం రాసిన ఆయనను అగ్రవర్ణాలు కులం చూసి దూరం పెట్టాయి, పురాణ వస్తువులు ముట్టాడని క్రైస్తవులు కొందరు దూరం పెట్టారు. ఆ క్రైస్తవ సమాజపు కవే తర్వాత క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు.

ఈ కథలో ఆశ పుట్టించే మలుపు కూడా కడప నుంచే వచ్చింది. 1992లో కడప కతోలిక మేత్రాసనంలో గురువుగా అభిషేకం పొందిన పూల ఆంథోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. ఆ హోదా పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయన. ఒక పదవితో కులం పోదు. అయినా ముందు తరాలు ఊహించలేని మార్పు ఇది. రాజ్యం వైపు నుంచి అన్యాయం అలాగే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారు బీసీ–సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్నారు. మతం మారితే కులం పోయిందని చట్టం అంటుంది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులను చంపినవారు ఎవరు ఏ చర్చికి పోతారని అడగలేదు.

కక్ష ముందు క్షమ

రోమా పత్రికలోని ఆ ఆదేశం ఈ సీమలో పడేంత బరువుగా మరెక్కడా పడదేమో. తండ్రిని చంపినవాడి కొడుకును చంపడం పరువుగా చెలామణి అయిన ఊళ్లివి. 1973లో పులివెందుల ఆసుపత్రికి పేరిచ్చిన రాజారెడ్డి స్వయంగా 1998 మే నెలలో బాంబు దాడిలో హతుడయ్యారు. ఎంతటి దానధర్మమూ కక్ష నుంచి కవచం కాదని ఆ మరణం చెబుతుంది. ఆదివారం గుడిలో శాంతి మాట విని, సోమవారం నాయకుడి జీపు ఎక్కిన విశ్వాసులు ఉన్నారన్నది ఈ ప్రాంతం ఎరిగిన సంగతే. పల్లెల్లో ముందు పంపబడేదీ, ముందు చచ్చేదీ పేద కులాల కుర్రవాళ్లే. ఇక్కడి సంఘాలు కక్షను పాపమని బోధించాయి గానీ, కక్షలో చేరనివాడికి అండగా నిలిచే ఏర్పాటు చేయలేదు. కూలి ఆగిపోతుందనో, ప్రాణం పోతుందనో భయపడేవాడికి బోధ ఒక్కటే చాలదు.

క్షమ అంటే చట్టాన్ని వదిలేయడమా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు పసికొడుకులనూ జీపులోనే సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని ప్రకటించి, అక్కడే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించింది. 2005లో పద్మశ్రీ అందుకుంది. అయితే కేసు ఆగలేదు. ప్రధాన దోషికి యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. ఆమె క్షమ పగను ఆపింది, న్యాయాన్ని ఆపలేదు. ఫ్యాక్షన్ సీమకు ఈ తేడా ప్రాణావసరం. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. అలాంటి చోట బాధితులను క్షమించమని తొందరపెట్టేవారు దయామయులు కారు. న్యాయం కోసం వారి పక్కన నిలబడ్డాకే క్షమ గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

స్వస్థత కూటాలు, సారా

గత నలభై ఏళ్లలో పల్లెల్లో ఎక్కువగా పెరిగింది పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు. ఉపవాస ప్రార్థనలు, స్వస్థత కూటాలు, సాక్ష్యాలు వాటికి ప్రాణం. చదువుకున్నవారు వీటిని తేలిగ్గా కొట్టిపారేస్తారు. కానీ భర్త తాగుడు మాని కూలిడబ్బు ఇంటికి తెస్తున్నాడని సాక్ష్యం చెప్పే ఆడమనిషికి అది చిన్న విజయం కాదు. వినేవారు లేని బాధను నలుగురి ముందు చెప్పుకునే చోటు కూడా ఆమెకు అదే.

రెండు హెచ్చరికలు మాత్రం చెప్పి తీరాలి. ప్రార్థన పేరుతో క్షయకో, చక్కెర జబ్బుకో మందు మాన్పిస్తే అది చెడుకు సాయం చేయడమే. క్యాంప్‌బెల్, ఫ్రిమాట్ మొల్లర్ ప్రార్థన చేసే మందు ఇచ్చారు. రెండోది, ఒక్కొక్కరు మారినంత మాత్రాన ఊరు మారదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా అంగడినే మూయించారు. ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వ్యసనపరుడి కోసం మోకరిల్లేవారు, ఆ వ్యసనం మీద బతికే వ్యాపారం ముందు లేచి నిలబడాలి.

తుమ్మలపల్లె నీళ్లు

ఇప్పటి పరీక్ష వేముల మండలంలోని తుమ్మలపల్లెది. ఇక్కడి యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012 నుంచి పనిచేస్తున్నాయి. 49,000 టన్నుల నిల్వలు ఖాయమనీ, అవి అంతకు మూడింతలు ఉండవచ్చనీ 2011లో అణుశక్తి సంఘం అధిపతి ప్రకటించారు. దేశానికి ఇది ఇంధనం, కొందరికి ఉద్యోగం. కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కణంపల్లె రైతులు మాత్రం వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్లు చెడుతున్నాయనీ, అరటితోటలు దెబ్బతింటున్నాయనీ, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయనీ ఏళ్లుగా మొరపెడుతున్నారు. గని నడిపే సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చుతూ వస్తోంది.

ఇక్కడ శత్రువు ముఖం కనిపించదు. కత్తి పట్టినవాడు లేడు, దయ్యం పట్టినవాడు లేడు. సమరయుని కథ మీద మాట్లాడుతూ మార్టిన్ లూథర్ కింగ్ ఒక సంగతి గుర్తుచేశారు. పడిపోయినవాడిని లేపడం మొదటి అడుగే, మనుషులు ఆ దారిలో పదేపదే దెబ్బతినకుండా దారినే మార్చాలన్నది దాని సారం. తుమ్మలపల్లెలో దారిని మార్చడమంటే స్వతంత్ర ప్రయోగశాలలతో నీటి పరీక్షలు చేయించమని అడగడం, ఫలితాలు తెలుగులో గ్రామసభ ముందు పెట్టించడం, చర్మవ్యాధుల లెక్క రాసే వైద్య శిబిరాలు నడపడం, తప్పు తేలితే పరిహారం ఇప్పించడం. ఒకప్పుడు కలరాతో పోరాడిన జమ్మలమడుగు ఆసుపత్రి వారసత్వానికి ఇది దూరమైన పని కాదు. చర్చి, గుడి, మసీదు కమిటీలు కలిసి అడిగితే ఆ మొరకు మతం రంగు పూయడమూ ఎవరికీ సాధ్యం కాదు.

తేలిందేమిటి

రెండు శతాబ్దాల అనుభవం ఒకచోట పెట్టి చూస్తే మూడు సంగతులు తేలతాయి. మొదటిది, సంస్థగా మారి ఊళ్లో ఉండిపోయిన దయే చెడును తగ్గించింది. అనంతపురంలో 1969 నుంచి 2009లో కన్నుమూసే వరకు విన్సెంట్ ఫెర్రర్ కట్టిన ఇళ్లు, బడులు, ఆసుపత్రులు రాయలసీమలో దీనికి సాక్ష్యం. రెండోది, సాయం పొందినవారు సాయం చేసేవారుగా ఎదిగిన చోటే విజయం నిలిచింది. మాలపల్లె నుంచి వచ్చిన నర్సు రెడ్డిగారి ఇంటి కాన్పు చేసిన రోజున, ఏ ప్రసంగమూ చేయలేని పని జరిగింది. మూడోది, తన ఇంటిలోపలి చెడును చూడనన్న సంఘం బయటి చెడు మీద గెలవలేదు. కులం దగ్గర మౌనంగా ఉన్నవారి మాటకు కక్షల ముందు బలం లేకపోయింది.

చెడు ఎంత పెద్దదైనా ఆఖరి మాట దానిది కాదన్న నమ్మకం క్రైస్తవుల సొత్తు మాత్రమే కాదు గానీ, ఆ నమ్మకాన్ని దేవుని మీద ఆనించి బతకడం వారి పిలుపు. ఫలితం తమ చేతిలో లేదని ఎరిగినవారు ఫలితం రాలేదని పారిపోరు. కడప సీమ సంఘాలకు ఇప్పుడు కావలసింది అలాంటి నిబ్బరం. మిషన్ ఆసుపత్రిని తమ కానుకలతో నిలుపుకోవాలి. కక్షలో మగదిక్కు పోయిన ఇళ్లకు, ఏ వర్గానివైనా సరే, పిల్లల చదువు దాకా తోడుండాలి. పెళ్లిపీటల దగ్గర కులాన్ని ఆపాలి. కె.కె. కొట్టాల బోరునీళ్లు తాగే పిల్లల కోసం కలెక్టరు కార్యాలయం మెట్లెక్కాలి. ఈ పనులు చేస్తూ ఓడిపోయినా ఆ ఓటమి వృథా కాదు. వీటిని వదిలేసి పాడే విజయగీతాలకు అర్థం లేదు.